సిగరెట్ మానితే తుమ్ములు తగ్గుతాయా? మిర్యాలగూడ నుంచి నా అనుభవం

మిర్యాలగూడ చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం ఆడే మిల్లుల్లో ఒకదానిలో నేను కాటా లెక్కలు చూస్తాను. వానాకాలం పంట దిగే అక్టోబరు చివర, మళ్లీ యాసంగి పంట దిగే ఏప్రిల్‌లో, లారీలూ ట్రాక్టర్లూ గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరే రోజుల్లో మా దగ్గర గాలిలో ధాన్యపు నుసి, తవుడు, బాయిలర్ నుంచి వచ్చే ఊక బూడిద కలిసి తిరుగుతుంటాయి. అలాంటి చోట పనిచేస్తూ, పైగా ఏళ్ల తరబడి సిగరెట్ తాగుతున్న మనిషికి పొద్దున లేవగానే ఆగకుండా తుమ్ములు వస్తుంటే, కారణం ఏమిటని అడిగిన ప్రతిసారీ ఒక కొత్త తీర్పు వినబడుతుంది. మా హమాలీలు మిల్లు దుమ్ము అన్నారు. ఇంట్లోవాళ్లు సిగరెట్ అన్నారు. మందుల దుకాణంలో అయితే "నీది సర్ది ఒళ్లు అన్నా" అని చెప్పి సెట్రిజిన్ గోలీ చేతిలో పెట్టేవారు. వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి పరీక్షలు చేయించుకుని, సిగరెట్ మాని, ఆ తరువాత ముక్కులో ఏది మారిందో ఏది మారలేదో గమనిస్తూ వచ్చాను. అదంతా ఒకచోట రాస్తే నాలాంటి వారికి ఉపయోగపడుతుందనిపించింది.

నా బాధ రెండు రకాలుగా ఉండేది. పొద్దున పక్క మీద నుంచి లేవగానే తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, నాలుకతో గోక్కోవాలనిపించేంతగా అంగిట్లో దురద, కంటి కొసల్లో దురద. ఇవి గంటా రెండు గంటలు వేధించి తగ్గిపోయేవి. సాయంత్రానికి పరిస్థితి వేరు. అప్పుడు తుమ్ములు ఉండవు, దురద ఉండదు, ముక్కు మాత్రం దిబ్బడ వేసి, గొంతు వెనక్కి చిక్కటి కఫం జారుతూ, నోటితో ఊపిరి తీసుకోవలసి వచ్చేది. గోలీ వేసుకుంటే పొద్దుటి బాధ తగ్గేది కాని సాయంత్రం దిబ్బడ మీద దాని ప్రభావం ఏమీ కనిపించేది కాదు.

నల్లగొండలో నేను కలిసిన ముక్కు, చెవి, గొంతు వైద్యుడు పరీక్ష మొదలుపెట్టక ముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. దురద ఉందా, మంట ఉందా? కళ్లకు కూడా వస్తుందా? మిల్లుకు సెలవు పెట్టి ఊరికి పోతే తగ్గుతుందా? సిగరెట్ తాగిన వెంటనే పెరుగుతుందా, కొంతసేపటికి పెరుగుతుందా? ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, దద్దుర్లు ఉన్నాయా? సెలవు రోజుల్లో కూడా పొద్దుటి తుమ్ములు తగ్గవని నేను చెప్పినప్పుడు ఆయన తల ఊపి, "అయితే దానికి మిల్లును తిట్టి లాభం లేదు" అన్నారు. దురద, తుమ్ములు, కంటి నీళ్లు కలిసి ఉంటే అలర్జీని అనుమానిస్తారట. దురద లేకుండా దిబ్బడ, మంట, కఫం మాత్రమే ఉంటే పొగ, ఘాటు వాసన, చల్లగాలి వంటి వాటికి ముక్కు చిరాకుపడుతున్నదని అనుకుంటారట. నాకు రెండూ ఒకే ముక్కులో ఉన్నాయని, ఇలా కలిసి ఉండటం అరుదేమీ కాదని చెప్పారు. సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించినప్పుడు ముక్కు లోపలి కండలు ఉబ్బి, ఎర్రగా కాక పాలిపోయి కొంత నీలంగా కనిపించాయి. అది అలర్జీ ఉన్నవారిలో తరచుగా కనిపించే రంగు. అదే గొట్టం ఇంకొంచెం వెనక్కి పోయేసరికి గొంతు గోడ ఎర్రగా, గరుకుగా, మీద జిగురు పరుచుకుని ఉంది. "ఇది మీ సిగరెట్ సంతకం" అన్నారు ఆయన.

అలర్జీ దేనికో తెలుసుకోవడానికి చర్మ పరీక్ష రాశారు. దానికి ముందు వారం పాటు సెట్రిజిన్ వంటి గోలీలు వేసుకోకూడదు, ఎందుకంటే అవి చర్మం మీద వచ్చే స్పందనను అణిచివేస్తాయి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మాత్రం ఆపనక్కర లేదు. ఆ వారం గడవడమే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం. పరీక్ష మాత్రం చాలా తేలిక. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన అనుమానం ఉన్న ఒక్కో పదార్థపు చుక్క వేసి, ఆ చుక్క మీదుగా చిన్న మొనతో చర్మాన్ని గుచ్చారు. రక్తం రాదు, చీమ కుట్టినంత కూడా ఉండదు. మొదటి చుక్క ఉప్పునీరు, దానికి ఏమీ రాకూడదు. చివరి చుక్క హిస్టమిన్ (అలర్జీలో దురద, వాపు పుట్టించే రసాయనం), దానికి తప్పకుండా దద్దు రావాలి. ఈ రెండూ సరిగా ఉంటేనే మధ్యలోని వాటిని నమ్ముతారు. 15 నుంచి 20 నిమిషాలు చెయ్యి కదపకుండా, గోక్కోకుండా కూర్చోవాలి. ఉప్పునీటి చోటుకన్నా 3 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉబ్బితే దానికి అలర్జీ ఉన్నట్టు లెక్క.

నా చేతి మీద అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా పెద్దగా లేచినది ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్ల చుక్క. కంటికి కనబడని ఈ పురుగులు పరుపుల్లో, దిండ్లలో, బొంతల్లో మన ఒంటి మీద నుంచి రాలే పొట్టును తింటూ బతుకుతాయి. వాటి మలంలోని ప్రోటీనే ముక్కుకు శత్రువు. పొద్దున పక్క మీద నుంచి లేవగానే తుమ్ములు ఎందుకు వస్తున్నాయో అక్కడితో అర్థమైంది. బొద్దింకకు, వయ్యారిభామ పుప్పొడికి కొద్దికొద్దిగా ఉబ్బు వచ్చింది. మా మిల్లువాళ్లంతా ప్రమాణం చేసి చెప్పిన ధాన్యపు దుమ్ము చుక్క దగ్గర చర్మం చదునుగానే ఉంది. దుమ్ము నా ముక్కును చిరాకుపెడుతున్నది నిజమే కాని, నా విషయంలో అది అలర్జీ కాదు.

"సిగరెట్‌కు చుక్క లేదా సార్?" అని అడిగాను. పొగకు అటువంటి చుక్క ఉండదని, అలర్జీ అంటే శరీరం ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి దానికి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకోవడమని, పొగ చేసే పని అది కాదని చెప్పారు. పొగలోని రసాయనాలు నేరుగా ముక్కు పొరను గాయపరుస్తాయి, మంటను మెదడుకు చేరవేసే నరాన్ని రెచ్చగొడతాయి, కఫాన్ని చిక్కబరుస్తాయి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, లోపలి పొర మీద నిరంతరం కొట్టుకుంటూ కఫాన్నీ దుమ్మునూ వెనక్కి నెట్టే సన్నటి నూగును మందగింపజేస్తాయి. నూగు సరిగా ఊడవనప్పుడు పీల్చిన మైట్ దుమ్ము ముక్కులో ఎక్కువసేపు నిలుస్తుంది, గాయపడిన పొరలోంచి సులువుగా లోపలికి దిగుతుంది. అంటే అలర్జీని పుట్టించింది పొగ కాకపోయినా, అలర్జీ పదార్థానికి ముక్కులో తీరిగ్గా కూర్చునే వీలు కల్పిస్తున్నది పొగ.

ఈ మాట నాకు చెవితో విన్నంత మాత్రాన ఎక్కలేదు. అక్కడ ఒక జూనియర్ డాక్టర్ చేసిన చిన్న పరీక్షతో ఎక్కింది. శాకరిన్ పలుకు ఒకటి, గుండుసూది తలంత ఉంటుంది, దాన్ని ముక్కు లోపలి కింది కండ మీద, ముందు కొసకు కాస్త వెనుకగా పెట్టారు. తల నిటారుగా ఉంచి, ఎగబీల్చకుండా, తుమ్మకుండా, మధ్యమధ్య గుటక వేస్తూ కూర్చోమన్నారు. నూగు ఆ పలుకును కరిగించుకుని గొంతు దాకా నెట్టుకుపోతే నాలుక వెనక తీపి తగులుతుంది. బాగున్న ముక్కులో ఇది సాధారణంగా 20 నిమిషాల లోపే జరుగుతుంది. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. అరగంట దాటినా తీపి జాడ లేదు. నాలుకకు రుచి తెలుస్తున్నదో లేదో అని అదే శాకరిన్‌ను నేరుగా నాలుక మీద పెట్టి చూశారు. వెంటనే తీపి తగిలింది. లోపం నాలుకలో లేదు. అయితే ఈ నిదానం మొత్తం సిగరెట్ పుణ్యమేనని చెప్పడానికి వీల్లేదని, దీర్ఘకాలపు అలర్జీ కూడా కొంత మందగింపజేస్తుందని ఆ అమ్మాయి నిజాయితీగా చెప్పింది.

ఇంత చెప్పిన వైద్యుడే ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పారు. పొగతాగే పెద్దవాళ్లకు ముక్కు అలర్జీ మిగతావారికన్నా ఎక్కువగా వస్తుందా అంటే, లెక్కలు అలా చూపడం లేదు. ప్రపంచంలో జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2014లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన సమీక్షలో, స్వయంగా తాగేవారికీ ముక్కు అలర్జీకీ మొత్తం మీద చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. పక్కవాళ్ల పొగ పీల్చేవారిలో మాత్రం కొద్దిపాటి పెరుగుదల కనబడింది. పిల్లల్లో, యుక్తవయసు వారిలో తాగినా, పీల్చినా సంబంధం కనబడింది. దీనికి ఒక కారణం, ముక్కు ముందే సున్నితంగా ఉన్నవారు సిగరెట్ జోలికి పోకపోవడం, పోయినా త్వరగా మానెయ్యడం కావచ్చు. తాగేవారి గుంపులో గట్టి ముక్కులే మిగిలిపోతే లెక్క వాళ్లకు అనుకూలంగానే వస్తుంది కదా. మరి ఇక మానడం ఎందుకని నేను అడగబోతుండగానే ఆయన అసలు కారణం చెప్పారు. ముక్కు అలర్జీ ఉన్నవారిని ఇటలీలో పదేళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో పొగతాగేవారికి కొత్తగా ఆస్తమా వచ్చే అవకాశం తాగనివారికన్నా దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. ఆస్తమా వచ్చాక కూడా సిగరెట్ తాగితే పీల్చే స్టెరాయిడ్ మందు వారికి సరిగా పనిచేయదు. నా ఛాతీలో అప్పటికి పిల్లికూతలు లేవు. అవి మొదలుకాక ముందే మానాలని ఆయన ఉద్దేశం. తుమ్ములు పోతాయని ఆశ చూపి మాన్పించకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పారు కాబట్టే నేను ఆయన మాట విన్నాననుకుంటాను.

మధ్యలో వేప్, అంటే ఈ-సిగరెట్ సంగతి ఒకటి ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బామ్మర్ది పండుగకు వచ్చినప్పుడు పుదీనా వాసన గల ఒక పరికరం నా చేతిలో పెట్టి, "బావా, ఇది పొగ కాదు, ఒట్టి ఆవిరి. ముక్కుకు హాయిగా ఉంటది" అన్నాడు. హాయిగా ఉన్న మాట నిజం. నాలుగు దమ్ములు లాగేసరికి దిబ్బడంతా విడిపోయి చల్లగాలి ఆడుతున్నట్టు అనిపించింది. ఈ సంగతి చెప్పగానే వైద్యుడు నా ముక్కు కింద చల్లటి లోహపు పలకను పట్టుకుని ఊపిరి వదలమన్నారు. ఏ రంధ్రం దగ్గర ఆవిరి మచ్చ ఎంత పడుతున్నదో చూస్తే గాలి ఎంత ఆడుతున్నదో తెలుస్తుంది. పుదీనాకు ఆ చల్లదనాన్నిచ్చే మెంథాల్ గల గోలీ ఒకటి నోట్లో వేయించి, హాయిగా ఉందని నేను అన్న తరువాత మళ్లీ అదే పలక పట్టారు. మచ్చ మారలేదు. మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి గాలి ఆడుతున్న భ్రమ కలిగిస్తుందే తప్ప కండల వాపును తగ్గించదు. ఇక ఆ ఆవిరిలో ఎక్కువ పాలు ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది తేమను లాగేసుకునే గుణం గలది కాబట్టి ముక్కు, గొంతు ఆరిపోయి మంట పుడుతుంది. నాకు పొద్దున ముక్కులో ఎండిన పొక్కులు కట్టడం, చీదితే రక్తపు చార కనబడటం వేప్ వాడిన రోజుల్లోనే జరిగింది. పైగా దాని అమ్మకం, దిగుమతి, నిల్వ మన దేశంలో 2019 చట్టం ప్రకారం నేరం. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అమ్మేది దొంగచాటుగా కనుక లోపల ఏం పోశారో అడగడానికి అడ్రసు కూడా ఉండదు. ఆ పరికరాన్ని బామ్మర్దికే తిరిగి ఇచ్చేశాను.

సిగరెట్ మానడానికి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడాను. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదని ముందే చెప్పడం మంచిది. నెమ్మదిగా నాలుగైదు సార్లు నమిలి, మిరియపు ఘాటు తగలగానే దవడకూ బుగ్గకూ మధ్య అదిమిపెట్టి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. నమిలి మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట తప్ప లాభం లేదు. టీ, కాఫీ తాగిన పావుగంట వరకు గమ్ వేసుకోవద్దన్నారు, పుల్లటి పానీయాల తరువాత నికోటిన్ బుగ్గలోంచి సరిగా ఎక్కదట. లారీ కాటా ఎక్కిన ప్రతిసారీ డ్రైవర్‌తో కలిసి ఒక టీ తాగే మాలాంటి చోట ఈ ఒక్క నియమం పాటించడానికే సగం బుద్ధి ఖర్చయింది. పొగాకు మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సలహా నంబరు 1800-11-2356 సిగరెట్ పెట్టెల మీదే అచ్చువేసి ఉంటుంది. నేను దానికి ఫోన్ చేశాను. అవతల మాట్లాడినవారు ఉపన్యాసం ఇవ్వకుండా, ఏ వేళకు ఎక్కువ తాగాలనిపిస్తున్నదో అడిగి ఆ వేళకు ఏం చెయ్యాలో మాత్రమే చెప్పారు.

మానిన తొలి వారాల్లో ముక్కు బాగుపడలేదు. కఫం ఇంకా ఎక్కువైంది, పొద్దున దగ్గు మొదలైంది. నూగు మళ్లీ పని అందుకున్నప్పుడు చాలామందికి ఇలా అవుతుందని, భయపడి మళ్లీ వెలిగించేవారు ఇక్కడే ఎక్కువని వైద్యుడు ముందుగానే హెచ్చరించారు. అదే సమయంలో ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే ముక్కులో సరిగా కొట్టుకోవడం నేర్పించారు. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడి, మధ్య గోడ మీద పడకుండా చెవి వైపుకు గురిపెట్టి కొట్టాలి. గట్టిగా ఎగబీల్చకూడదు, మందు గొంతులోకి పోతుంది. దాని పూర్తి గుణం తెలియడానికి రెండు వారాల వరకు పట్టవచ్చు. దిబ్బడ వెంటనే విడిపించే చుక్కల మందులు వేరే జాతి, వాటిని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే అవే దిబ్బడను పెంచుతాయి.

నెలలు గడిచాక తేలిన ఫలితం ఇది. సాయంత్రపు దిబ్బడ, గొంతులోకి జారే కఫం చాలావరకు పోయాయి. శాకరిన్ పరీక్ష మళ్లీ చేస్తే తీపి 20 నిమిషాల లోపే తగిలింది. పొద్దుటి తుమ్ములు మాత్రం సిగరెట్ మానినందుకు కరుణించలేదు. అవి స్ప్రేకు, పక్క బట్టల మార్పుకు మాత్రమే లొంగాయి. నేను ఎదురుచూడనిది వాసన తిరిగి రావడం. తాజా తవుడుకు ఉండే తియ్యటి వాసన, రెండు రోజులు నిలవ ఉంటే పట్టే ముక్క వాసన మళ్లీ తెలుస్తున్నాయి. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందా లేదా అన్నది మీటరే చెప్పాలి కాని, బస్తా కుట్లు విప్పగానే పచ్చిధాన్యం వాసన ముక్కుకు తగిలితే రైతుతో ముందే ఒక మాట అనవచ్చు.

పక్క బట్టల సంగతికి వస్తే, దిండు గలేబులు, దుప్పట్లు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికిస్తున్నాం, దూది పరుపుకు మందపాటి జిప్ కవరు వేయించాం. మైట్లకు గాలిలో తేమ కావాలి కాబట్టి మా వైపు ఎండాకాలంలో అవి తగ్గాలి. తగ్గకుండా కాపాడుతున్నది గడ్డి పరదాల ఎయిర్ కూలర్ అని వైద్యుడు చెప్పినప్పుడు మా ఆవిడ నమ్మలేదు. మూసిన గదిలో రాత్రంతా కూలర్ నడిస్తే గోడలు చెమ్మగిల్లుతాయి, పాత గడ్డిలో బూజు పడుతుంది. కూలర్ లేకుండా నల్లగొండ జిల్లాలో మే నెల గడపమని చెప్పే ధైర్యం ఏ వైద్యుడికీ ఉండదు. గడ్డి ఏటా మార్చడం, కూలర్‌ను కిటికీ బయట పెట్టి ఎదుటి తలుపు తెరిచి ఉంచడం వరకు రాజీపడ్డాం.

ఇక మా నాయిన బీడీలు. వరండాలో మంచం మీద కూర్చుని తాగుతారు, పొగ కిటికీలోంచి మా పిల్లవాడు చదువుకునే గదిలోకి వస్తుంది. వాడికీ పొద్దున ముక్కు నలుపుకోవడం మొదలైంది. చెబితే నాయిన, "ఇన్నేండ్ల సంది తాగుతున్న, నాకు ఒక్క తుమ్ము రాలే. మీ ముక్కులే గట్టివి కావు" అన్నారు. ఆయన మాట తన మట్టుకు నిజమే, పైన చెప్పిన సమీక్ష కూడా పెద్దవారి గురించి దాదాపు అదే అంటున్నది. పిల్లవాడి లెక్క వేరు. 2006లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో, మన వయ్యారిభామ కుటుంబానికే చెందిన ర్యాగ్‌వీడ్ మొక్కకు అలర్జీ ఉండి సిగరెట్ అలవాటు లేనివారిని కాసేపు పక్కవారి పొగలో కూర్చోబెట్టి, తరువాత ఆ మొక్క పదార్థాన్ని ముక్కులో వేస్తే, శుభ్రమైన గాలి పీల్చినప్పటికన్నా ఐజీఈ ఎన్నో రెట్లు ఎక్కువగా తయారైంది. ఇదంతా నాయినకు చెప్పలేదు. "నీ మనుమనికి ఆయాసం రావద్దు నాయినా" అని మాత్రం అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు, తరువాత మంచం ఇంటి వెనుక వేపచెట్టు కిందికి మార్చుకున్నారు. బీడీ మానలేదు.

మైట్ల అలర్జీకి, ఆ పదార్థాన్నే కొద్దికొద్దిగా ఎక్కించే ఇంజెక్షన్ల చికిత్స కనీసం 3 ఏళ్లు తీసుకుంటే అలర్జీయే తగ్గే అవకాశం ఉందని వైద్యుడు చెప్పారు. స్ప్రేతో పని జరుగుతున్నంతకాలం తొందర లేదని ఇద్దరం అనుకున్నాం. ధాన్యం దించేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకుంటున్నాను, సీజన్‌కు రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెడుతున్నాను. ఏడాదికొకసారి గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోమన్నారు; మొన్నటి పరీక్షలో ఆస్తమా లేదు.